పన్నెండో బిస్కెట్

లాలాగూడ ఇరానీ హోటల్లో
జకరయ్య సార్ టేబుల్ మీద
పదకొండు ఉస్మానియా బిస్కెట్లు పేర్చి
మాకు ఆట చెప్పేవాడు.
పంచదార పలుకు బంతి.
నేనెప్పుడూ సాసర్లోనే, పన్నెండోవాణ్ణి.

కప్పు గెలిచిన రాత్రి
వర్క్‌షాప్ లారీ మీద ఊరేగించారు.
హోటలాయన ఖాతా కాగితం చించేశాడు.

మరుసటేడు వరసగా ఆరు ఓటములు.
ఆఫీసు నుంచి రెండు లైన్ల ఉత్తరం.
విజిల్ మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు.

మైదానంలో ఇప్పుడు కార్లు ఆగుతాయి.
ఆయనే విజిలేసి
వెనక్కి, ఇంకా వెనక్కి రప్పిస్తాడు,
డిఫెన్స్ లైనంత తిన్నగా.

నిన్న కనబడితే చాయ్ తాగించాను.
సాసర్లోని బిస్కెట్టొకటి ముందుకు జరిపి
"ఫైనల్లో నిన్ను దింపాల్సుండెరా" అన్నాడు.
అని,
దాన్ని చాయ్‌లో ముంచాడు.