చిల్లు

కోటిపల్లి రేవు దాటాక ధనకొండ అడిగాడు:
"కాలం గూడా సాగుద్దా మాస్టారూ, వల్లాగ?"

సాగుతుంది. బరువున్న చోట గుంట పడుతుంది.
చోటూ కాలమూ ఒకే నేత.
ఎంత లాగు, ఎంత నలుపు,
కళ్ల లెక్క మాత్రం మారదు.

లంక చుట్టూ తాడు తిప్పి
కొసలు రెండూ అతని చేతిలో పెట్టాను, ఊహలోనే.
లాగు. బిగుస్తుంది గానీ చేతికి రాదు.
మధ్యలో అరటితోట ఉంది;
నీటికి అదే చిల్లు.

గెడ ఆగింది.
"మా లంక ఎనబయ్యారు వరదకి ఏట్లో కలిసిపోయిందండి.
ఇప్పుడు లాగితే తాడంతా వచ్చేస్తది గదా?"

వచ్చేస్తుంది.
లెక్క ప్రకారం అక్కడిక అడ్డేమీ లేదు.

పడవ మాత్రం
నడి ఏట్లో, ఏమీ లేని నీళ్లను
చుట్టు తిరిగి పోయింది.