బాకీ

టైం చూడ్డం రాని నాయనమ్మ చేతికి గడియారం.
మాది కాదు, స్టూడియోవాళ్లది.
వెనక తెరమీద సముద్రం,
సుల్తాన్‌బజార్‌లో.

పక్కన ఎవరో కదిలిన్రు.
మొఖం లేదు, పొగ.
"అది నేనే," అంటది మేనత్త మాణిక్‌బాయి,
"బయట మిలట్రీ లారీలు పోతున్నయ్, చూడబోయిన."
ఎవరి లారీలో, ఎటు పోతున్నయో
ఐదేండ్ల పిల్లకేం ఎరుక.

అట్ట వెనక ఉర్దూ గీతలు.
ఇన్నేండ్లు దీవెన అనుకున్నం.
మొజంజాహీ దగ్గర ఫ్రేములు కట్టే వహీదుద్దీన్ సాబ్
కండ్లద్దాలు నొసటికి నెట్టి చదివిండు:
"హాలీ సిక్కా ఆరణాలు, బాకీ."

ఆ సిక్కా లేదు,
దాన్ని కొట్టిన సర్కారూ లేదు.
స్టూడియో జాగాల చెప్పుల దుకాణం.

"ఇప్పటి లెక్కల ఎంతైతది?" అని
మాణిక్‌బాయి
కొంగుముడి విప్పుతున్నది.