సగం ప్లేటు

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
మైనస్ ముప్ఫై రెండని ఫోను చెప్పకముందే
ముక్కులో వెంట్రుకలు చెప్పేశాయి.
జేబులో తొమ్మిది వేల తుగ్రిక్‌లు.
శుక్రవారం దాకా అవే.
ఇవాళ బుధవారం.

పెద్ద భవనం రెండో అంతస్తులో కాఫీ షాపు.
కప్పు తొమ్మిది వేలు,
నురగ మీద ఆకు బొమ్మ మాత్రం ఉచితం.
లైబ్రరీ కింద గాజు పెట్టెలో శాండ్‌విచ్‌లు
ప్లాస్టిక్ కప్పుకుని వెల్లకిలా పడుకున్నాయి.
బయట ఇంత చలి పెట్టుకుని
లోపలికి కూడా చల్లనిదే పంపమంటే ఎలా?

ఆకలి రుచి ఎరగదంటారు.
ఎరగకపోవచ్చు.
వేడి మాత్రం బాగా ఎరుగుతుంది.

దారి చెప్పినవాడు ముంఖ్‌నసన్.
జియాలజీ మూడో ఏడు,
రాళ్ళ గురించి తప్ప నోరు విప్పడు.
"ధరల బోర్డులు చూడకు, కిటికీలు చూడు" అన్నాడు.
"అద్దం తేటగా ఉందంటే లోపల పొయ్యి లేనట్టే.
చెమటలు కారుతోందా,
అక్కడెవరో పిండి పిసుకుతున్నారు."

నాలుగో హాస్టల్ వెనక, బాయిలర్ గది పక్కన
ఎనిమిది మెట్లు కిందికి దిగాలి.
నేలకి ఆనుకుని ఒకే ఒక్క కిటికీ.
త్సెవెల్మా అక్క లోపల్నుంచి
లోపలి అద్దం మీది ఆవిరిలో
వేలితో రాస్తుంది ఆ రోజు వంట.
బయట నిలబడ్డ మాకది తిరగేసి కనిపిస్తుంది.
మొదటి వారంలోనే నేర్చుకున్నాను
కుడి నుంచి ఎడమకి చదవడం.
ఒంటిగంటకల్లా అక్షరాలు కాళ్ళు చాపుకుంటూ
కిందికి జారతాయి.
జారిపోయాయంటే గిన్నె అడుగంటిందని అర్థం.

బొగ్గు పారపోసేవాళ్ళ కోసం పెట్టిన చోటది.
మేం రాకూడదని ఎక్కడా రాసిలేదు,
రావచ్చనీ లేదు.
పూర్తి ప్లేటు ఎనిమిది వేలు. సగం నాలుగు.

నేను చదివేది గణితం.
రెండు సగాలు ఒకటని నిరూపించమంటే
నిద్రలో కూడా నిరూపిస్తాను.
కానీ అక్క గరిటె కింద
సగం ఎప్పుడూ సగంగా ఉండేది కాదు.
ఒకసారి వంచుతుంది, మొహంలోకి చూస్తుంది,
ఏం కనబడుతుందో మరి,
ఇంకోసారి వంచుతుంది.
గొర్రె మాంసం, క్యారట్, వేడికి మెత్తబడ్డ నూడుల్స్.
మొదటి ముద్దకి కళ్ళజోడు తెల్లబడేది,
రెండో ముద్దకి చెవులు నావేనని తెలిసేది.

ఫిబ్రవరిలో కాంట్రాక్టరు కాటా తెచ్చిపెట్టాడు.
ఎర్రటి అంకెలు. నూట ఎనభై గ్రాములు.
దాటితే కూసే కాటా.
ఆ రోజు మొదటిసారి
రెండు సగాలు సరిగ్గా ఒకటయ్యాయి.
లెక్కలవాణ్ణి, సంతోషించాల్సింది.
ప్లేటు నాకినంత పనిచేసి లేవబోయాను.

"టీ తాగి వెళ్ళు" అంది అక్క,
నా వైపు కాదు, గోడ వైపు చూస్తూ.
ఉప్పు వేసిన పాల టీ, రెండు చేతులకీ సరిపడే గిన్నె.
టీకి తూకం లేదు.
సగం తాగాక పెదవికి తగిలింది
అడుగున దాక్కున్న మాంసపు బుట్ట ఒకటి,
దాని వెనక ఇంకొకటి.
తలెత్తాను. ఆమె ఇంకా గోడనే చూస్తోంది.
గోడ మీద ఏమీ లేదు.

నిన్న లైబ్రరీ కింద ఒకమ్మాయి,
ఖోవ్ద్ యాస, కొత్త ఐడీ కార్డు,
ధరల బోర్డు ముందు పెదాలు కదుపుతూ నిలబడింది.
ఆ భాగాహారం నాకు తెలుసు.
శేషం ఎంతో కూడా తెలుసు.
మంచిమాట ఏదైనా చెబుదామని వెళ్ళి,
"నీకు తిరగేసి చదవడం వచ్చా?" అన్నాను.
పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి
మఫ్లరు బిగించుకుని వెళ్ళిపోయింది.
కిటికీ సంగతి వీపుకి చెప్పాల్సొచ్చింది.

ఇవాళ బెంచీ చివర కూర్చుని తింటున్నాను.
జారడం మొదలైన అక్షరాల సందుల్లోంచి
రెండు ఫెల్టు బూట్లు కనిపించాయి.
ఆగాయి. కాస్త ముందుకొచ్చాయి.
మోకాళ్ళు వంగాయి.
అద్దానికవతల ఒక తల
పక్కకి వాలి, పెదాలు కదుపుతూ,
కుడి నుంచి ఎడమకి
ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటోంది.