నాలుగడుగుల రెండంగుళాలు

దీని పేరు జో.
ఆ మాట రెండుసార్లంటే
మన దగ్గర పిల్లలు నిద్రపోతారు.
నాకు మాత్రం యాభై మూడేళ్ళకు
దీనివల్లే నిద్ర తేలింది.

జపాన్ నుంచి తెప్పిస్తే
పాలు, గ్యాసు, కరెంటు కలిపినంత.
అందుకే జుమ్మేరాత్ బజార్ సందులో
మంచం కోళ్ళు తిప్పే లేత్ దగ్గరికి పోయాను.
"గుండ్రంగా, నున్నగా, ఇంతే పొడుగు. నకాషీ వద్దు."
నకాషీ లేని కర్ర దేనికో
కాజిం భాయ్‌కి అంతుపట్టలేదు.
"కొసకు చిన్న పువ్వు చెక్కుతనమ్మా, పైసలొద్దు."
పువ్వూ వద్దన్నాను.
మద్దికట్టె పొట్టు
నా చెప్పుల నిండా పడింది.

మంగళ, శుక్రవారాలు. పొద్దున ఏడు.
సీతాఫల్‌మండిలో పెళ్ళిళ్ళు రాని ఫంక్షన్ హాలు,
గోడమీద ఎవరి పేరులోదో
ఒంటరి థర్మోకోల్ "శ్రీ".
నేర్పేది ఎలీషా సార్,
లాలాగూడ వర్క్‌షాపులో బోగీ చక్రాల ఫిట్టరు.
ఆయన చేతిలో చెక్క కత్తి.
కత్తికి పిడి ఏదో తెలుసు, కొన ఏదో తెలుసు.
కర్రకు రెండు కొసలూ ఒకటే.
"ఎటునుంచి వస్తదో ఎదుటోనికి తెలియొద్దు," అన్నారు సార్,
"మీకు తెలియాలె."

నాకు తెలియదు.
ఇరవయ్యేడేళ్ళు తపాలా ముద్రలు కొట్టిన భుజం నాది.
పైనుంచి కిందికి, ఒకటే దారి.
కవరు ఎప్పుడూ తిరగబడలేదు.
భుజం పట్టేశాక డాక్టరు
గోడమీద వేళ్ళతో సాలీడులా పాకమన్నాడు.
నెల రోజులు పాకి, విసుగొచ్చి,
ఇక్కడ తేలాను.

ఇచి, ని, సన్ దాకా బాగానే ఉంటాం.
ఎనిమిది "హచి" దగ్గర
పిల్లలంతా దొంగ తుమ్ములు తుమ్ముతారు.
ఆరు "రోకు".
నాకది "లి" రాలిపోయిన రోకలి.
సరిగ్గా అక్కడే చేతులు మారాలి,
ఎడమది జారాలి, కుడిది అందుకోవాలి,
కర్ర ఆగకూడదు.

మూడు నెలలు ఆగింది.
బొటనవేలు రెండుసార్లు కమిలింది.
చపాతీ పిండి పిసుకుతూ
నా పిచ్చికి నేనే తిట్టుకున్నాను.
వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం
మా పెద్దమ్మ పసుపుకొమ్ములు దంచుతూ
రోకలి గాల్లో ఉండగానే
చేయి మార్చి, కొంగు దోపి,
గడపలోకొచ్చిన కోడిని అదిలించడం
ఎక్కడినుంచో ముంజేతుల్లోకి దిగింది.
కర్ర ఆగలేదు.
సార్ ఏమీ అనలేదు.
కత్తి దించి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.
మళ్ళీ చేయమన్నారు.
మళ్ళీ రాలేదు.

హబ్సిగూడ మెట్రోలో
కర్ర స్కానర్ నోట్లో పట్టదు.
"ఏందమ్మా ఇది?" అంది గార్డు నర్సవ్వ.
"పరదా రాడ్డు."
శుక్రవారం మళ్ళీ నేనే, మళ్ళీ కర్రే.
"ఇంకో పరదానా?"
మూడోవారానికి
"ఎన్ని కిటికీలున్నయమ్మా మీ ఇంట్ల?"
చెప్పేశాను.
ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి,
"కర్రున్నోనిదే బర్రె అంటరు గదా,
మరి నీ బర్రేదమ్మా?"
వెనక క్యూ అంతా నవ్వింది.
రైలు ఎక్కినా నాకు జవాబు దొరకలేదు.

గోడకు ఆనిస్తే వంగిపోతుంది,
పడుకోబెట్టి ఉంచాలన్నాడు కాజిం భాయ్.
ఇల్లంతా వెతికితే
ఒకే ఎత్తులో రెండు కొక్కేలు
వంటింటి కిటికీ మీదే ఉన్నాయి.
కొలిచినట్టు సరిపోయింది.
అంటే నర్సవ్వకు
నేను మొదట చెప్పింది అబద్ధం కాదన్నమాట.

పరదా మాత్రం ఇంకా కొనలేదు.
పొద్దున్నే ఎండ
కర్ర కిందినుంచి దూరి వచ్చి
పప్పు డబ్బాల మీద
ఒక గీత గీస్తుంది.
అది కొంచెం వంకరగా ఉంటుంది.
కర్రదో, గోడదో
తేల్చుకోవాలి.