గాలి బదులు

వేసవిలో గౌతమి ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుంటుంది.
రెండో పక్కంతా ఇసుక.
దాని మీదుగా కూనతిప్పకి
నా జీపు వెళ్తుంది,
పచ్చిమిర్చి బస్తాల కోసం.

ఇసుక ఎవడి గర్వాన్నీ మొయ్యదు.
ముప్ఫై పౌన్ల గాలితో బిర్రుగా దిగితే
ఇరుసు దాకా మింగేస్తుంది.
అందుకని రేవు దగ్గరే ఆపి
నాలుగు టైర్లకీ గాలి తీస్తాను, పన్నెండు దాకా.
పొట్టలు జారి
బాతు పాదాల్లా పరుచుకుని నడుస్తాయి.

వచ్చేటప్పుడే చిక్కు.
గట్టెక్కగానే తారు రోడ్డు,
గాలి కొట్టే షాపు ఏడు మైళ్ళు.
కాలి పంపు తొక్కుతూ కూచుంటే
మిర్చి వాడిపోతుంది, నేనూ వాడిపోతాను.

ముందు ఇంట్లో పాత గ్యాసు బండ పట్టుకెళ్ళాను.
కట్టా మోషే దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు.
"ఒద్దండి బాబూ. దాని పని వేరు.
గాల్ని తక్కువ చూడకండి, ఆయ్."
రావులపాలెం పాతినప కొట్లో
బోల్తాపడ్డ లారీ కింద నుంచి
బ్రేకు ట్యాంకు ఊడదీయించాడు,
మద్దెలంత.

మొదట గాలి ఎక్కించలేదు.
నిండా నీళ్ళు పోసి
చేతి పంపుతో నొక్కి, నొక్కి,
ముల్లు రెండొందలు దాటాక
అతుకుల వెంట వేలు రాస్తూ కూచున్నాడు.
"నీళ్ళతో పగిల్తే కారుద్దండి.
గాల్తో పగిల్తే మనం ఉండం."
గోదారి పక్కన పుట్టి
నీళ్ళకే భయపడ్డవాణ్ణి
గాలికి భయపడటం ఆ రోజు నేర్చుకున్నాను.

ఊళ్ళో మాటలొచ్చాయి.
"ఏటి దొరబాబూ, గాలి మూటగట్టుకుపోతున్నావా?"
టీ కొట్టు దగ్గర పెచ్చెట్టి సూరన్న
పదిమందిలో నా గాలి తీశాడు.
పన్నెండు దగ్గర ఆపలేదు, సున్నా దాకా.

లెక్కా వాళ్ళవైపే ఉంది మరి.
నిండు ట్యాంకు మూడున్నర టైర్లకొస్తుంది.
మిగిలిన అర
కాలితో తొక్కాల్సిందే.

మొన్న శుక్రవారం, పొద్దు వాలాక
ఇసుక నడుమ
సూరన్న ట్రాక్టరు ట్రక్కు ఒరిగి ఉంది.
దోసకాయల మీద మనవడు నిద్ర.
పోటు ఎక్కే వేళ.
మనిషి మాట్లాడలేదు.
చక్రం వంక చూశాడు, నా ట్యాంకు వంక చూశాడు,
మళ్ళీ చక్రం వంక.

వాల్వు పిన్ను మార్చి పైపు తగిలించాను.
"ఎంత పెట్టమంటావ్?"
"ఎంత పడితే అంత."
సోలెడు బియ్యం బదులిచ్చే ఇంట్లో
కొలవడానికి సోలైనా ఉంటుంది.
నా దగ్గర ఒక ముల్లు.
అది పడిపోతూనే ఉంది,
ట్రక్కు లేచేదాకా.

గట్టెక్కాక నాలుగు టైర్లూ కాలితోనే.
నేను మూడు.
సూరన్న ఒకటి తొక్కాడు, దగ్గుతూ.
"నీ గాలి బదులు తీరిపోయిందిరోయ్" అన్నాడు.
తీరలేదు. ముల్లు పెట్టి చూశాను,
ఇంకా ఆరు పౌన్లు బాకీ.
అడగలేదు.

ఇంటికొచ్చి ట్యాంకు అడుగు బిరడా విప్పితే
తుప్పు రంగు నీళ్ళు, అర గ్లాసు.
పొద్దున్న మోషే ఎక్కించింది వట్టి గాలే.
ఈ గాలిని ఎంత నొక్కినా
అడుగున గోదారే తేలుతుంది.

మునగ చెట్టు మొదట్లో పోసి
బిరడా బిగించాను.