కొంచెం తగ్గించు

పన్నెండడుగులు ఇంటు ఎనిమిది.
క్రిస్మస్ ఆరాధనకు ఫ్లెక్సీ.
చిత్తూరు గ్రీంస్‌పేటలో మా షాపు షట్టరు సగం దించి
సంఘం కార్యదర్శి ఇమ్మానుయేలు సారు
నా కుర్చీ వెనక నిలబడినాడు.

గుడికి కొత్త రేకులు వేయించింది అన్న.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అన్న, క్వారీల అన్న,
ఈసారి టికెట్టు ఖాయమంటున్న అన్న.
రేకులకు బదులు ఆయన ఏమీ అడగలేదంట.
మనమే ఇచ్చుకోవల్లంట, మర్యాదగా,
బలిపీఠం వెనక గోడ మీద, ఒక ఫోటో.

"యేసుప్రభువును కొంచెం తగ్గించు తీతూ,
అన్న మొహం నిండుగా రావల్ల."

మూల పట్టుకుని మౌసుతో లాగితిని.
తగ్గినాడు.
"ఇంకొంచెం."
తగ్గినాడు.
నలభై రోజులు పస్తున్న మనిషి మాదిరి
చిక్కి చిక్కి, చివరికి
పాసుపోర్టు ఫోటో అంత.

"అన్న వెనక ఏదన్నా వెలుగు వెయ్యి, బోడిగా ఉండాది."
వెలుగు కోసం యాడికీ పోనక్కర్లేదు.
ప్రభువు తల వెనక విడి లేయరుగా ఉండనే ఉండాది.
ఒక్క నొక్కు. జరిపితిని.
ఎంత బాగా కుదిరిందంటే
సారు నా భుజం తట్టినాడు.

నన్నెవరూ కొండ మీదికి తీసుకుపోలేదు,
రాజ్యాలు చూపించలేదు.
చూపించింది ఎలక్షన్ల ఆర్డరు,
మండలానికి రెండు వందల ఫ్లెక్సీలు.
మోకాళ్ళు వంచమని ఎవరూ అనలేదు.
పొద్దున్నుంచీ స్క్రీను ముందు వంగే ఉండా,
ఇంక కొత్తగా వంగేదేముంది.

రాత్రి మిషను అటూ ఇటూ నడిచింది.
ముందు జుట్టు, తర్వాత నుదురు.
నవ్వు దిగేసరికి పదకొండయింది.

పొద్దున తబితమ్మ జేజి వచ్చింది,
మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి.
మేకల కొట్టానికి పాత ఫ్లెక్సీ కావల్లంట.
"పోయిన ఎలక్షన్ల ఆయప్ప చినిగిపోయినాడబ్బోడా,
వానొస్తే ముందు ఆయప్ప నోట్లోంచే కారతాది."

నేల మీద ఆరబెట్టిన అన్న చుట్టూ తిరిగింది.
కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.
"క్రిస్మస్‌దే కదా. ప్రభువు యాడుండాడు?"
వేలితో చూపిస్తిని, ఫోన్ నెంబరుకు పైన.
చానాసేపు వంగి చూసింది.
"చిన్నగా ఉండేది ఆయనకేం కొత్త కాదులే" అనింది,
"పుట్టిందే అట్లా.
రేపు నువ్వు మోకరిస్తే ఎవురికి ఎదురుగా ఉంటావో
అది చూసుకో."
అడిగిన ఫ్లెక్సీ మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఇరవై నాలుగు రాత్రి.
కుర్రోళ్ళంతా కేరల్స్‌కు పోయినారు.
గుడిలో నేను, నిచ్చెన, కొత్త రేకుల వాసన.
గోడ మీద మా తాత చెక్కిన సిలువ, నేరేడు కొయ్యది.
జమీందారు కచేరి ముందు సాష్టాంగపడనన్నందుకు
రాత్రికి రాత్రి ఊరొదిలిన మనిషి.
ఫ్లెక్సీ దించితే ముందు మూసుకుపోయేది ఆ కొయ్యే.

ఒక మూల కడితిని.
రెండో మూల కడితిని.
కిందికి దిగబోతే కాలు జారి
సిలువ అడ్డకొయ్య పట్టుకుంటిని.
ఉలి గాట్లు వేళ్ళకు తగిలినాయి.
ఎంతసేపు అట్లా వేలాడినానో, తెలీదు.
దూరంగా కేరల్స్ డప్పు దగ్గరపడతా ఉండాది.

రెండు ముళ్ళూ విప్పితిని.
ధైర్యమేం కాదు. చేతులు వణికి
రెండో ముడి పళ్ళతో విప్పాల్సొచ్చింది.

తెల్లారి బోడి గోడ.
ముందు వరస కుర్చీలో అన్న రెండుసార్లు తలెత్తి చూసినాడు.
సారు ప్రార్థన అయ్యేదాకా కళ్ళు తెరిచే, నా వైపే.
ఆ రెండు వందలూ కట్టమంచి షాపుకు పోయినాయి.
రేకులు మాత్రం పైనే ఉండాయి.
వాటి నీడలోనే పాడినాం.
అదొకటి నాకింకా సర్దుకోలేదు.

మధ్యాహ్నం జేజి కొట్టం మీద పరిచినాం,
బొమ్మ లోపలికి, తెలుపు ఆకాశానికి.
అన్న నవ్వు దూలం కాడ మడతపడింది.
గడ్డి మీద ఈనిన మేక, రెండు పిల్లలు.
వేలాడే మూలన, పాసుపోర్టు ఫోటో అంత ప్రభువు.
ఒక పిల్ల మెడ చాచి
ఆ మూల నాకతా ఉండాది.