కాలికి నలభై ఒక్క పైసలు

గంటస్తంభం దగ్గర, స్టీలు సామాన్ల కొట్టు దాటాక
అద్దాల షాపు. లోపల ఏసీ.
చెప్పులు బయటే విప్పి వెళ్ళాను.
ఆ తెల్ల టైల్సు మీద నా మడమల్ని చూసుకుంటే
కొంచెం సిగ్గేసింది.

కుర్రాడు ఒక జత విప్పి, లోపలివైపు తిప్పి
"చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నాడు.
పెట్టాను.
కళ్ళు తెరవని కుక్కపిల్ల పొట్ట.
చీటీ చూశాను: నాలుగొందల నలభై తొమ్మిది.
చెయ్యి తీసేశాను.
మళ్ళీ పెట్టాను.

మూడు లాంతర్ల దగ్గర తోపుడుబండి మీద
వందకి మూడు జతలు.
పదకొండేళ్ళుగా నా కాళ్ళు ఆ బండివే.
మొదటి వారం బాగానే ఉంటాయి.
రెండో ఉతుక్కి ఎలాస్టిక్ చచ్చిపోతుంది.
పైడిభీమవరంలో, మూడో అంతస్తు రియాక్టరు పక్కన
ఇనుప ముక్కున్న బూటు లోపల
మడమ మీంచి జారి, పాదం కింద ఉండ కట్టి కూచుంటుంది.
అక్కడ బూటు విప్పకూడదు. రూలు.
ఎనిమిది గంటలు ఆ ఉండ మీదే నడుస్తాను
నోట్లో రాయి ఉంచుకుని అన్నం నమిలినట్టు.

కంపెనీ బూటిచ్చింది, టోపీ ఇచ్చింది, కళ్ళజోడిచ్చింది.
కాలికీ బూటుకీ మధ్య ఏముండాలో
ఏ సర్క్యులర్లోనూ రాయలేదు.

రెండు జతలు కొన్నాను.
షిఫ్టు బస్సులో అసిరినాయుడు కవరు లాక్కుని చూశాడు.
"నాలుగొందల్యాబయ్యా! కాల్నాకా!
బూటులోన ఎవుడు సూత్తాడురా?
ఆ డబ్బుల్తో సేపలొత్తాయి, పిల్లలు తింతారు."
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.
చేపల సంగతి నిజమే మరి.

ఆ రాత్రి క్యాంటీన్లో
టీ కూపను వెనక లెక్క వేశాను.
బండి మీదివైతే ఏడాదికి ఆరొందలు.
ఇవి, కుర్రాడన్నట్టు ఏడాది ఆగితే,
ఎనిమిదొందల తొంభై ఎనిమిది.
తేడాని రోజులతో భాగిస్తే ఎనభై రెండు పైసలు.
కాళ్ళు రెండు కాబట్టి
కాలికి నలభై ఒక్క పైసలు.
పైసలు చెల్లడం మానేసి ఎన్నాళ్ళయిందో.
ఏ కొట్లోనూ పుచ్చుకోని నాణెం ఇచ్చి
నా పాదం ఏదో కొనుక్కుంటోంది.

కవరు మీది రూల్సు సన్యాసమ్మ పైకి చదివింది.
వేడినీళ్ళు వద్దు. బ్రష్షు వద్దు. పిండొద్దు. నీడనే ఆరెయ్యాలి.
"పురిట్లో నాకే ఇంత పత్తెం నేదు" అంది.

మూడో వారం ఒక జత కనబడలేదు.
ఎలుక అనుకున్నాను.
ఎదురింటి కుక్కని ఒకటి తిట్టాను కూడా.
శనివారం పొద్దున్న రొయ్యల ఫ్యాక్టరీ నించి వచ్చి
టిఫిను సంచిలోంచి తడిసిన ముద్ద తీసి
తీగ మీద వేసింది సన్యాసమ్మ.
ఐసు నీళ్ళ నేల మీద నిలబడి రొయ్య తలలు తుంచే పని.
గమ్‌బూటు తడికి అడ్డం, చలికి కాదు.
ఇన్నాళ్ళూ ఆమె వాటిని వట్టి కాళ్ళకే వేసుకుందని
నేనెప్పుడూ అడగనూ లేదు.
కూపను వెనక లెక్కలో
కాళ్ళు రెండే అని రాసుకున్నాను కదా.

"ఎలగున్నాయి?" అన్నాను.
ఆలోచించింది. ముఖమాటానికి చెప్పే మనిషి కాదు.
"ఐసు ఎక్కడం ఆలీసెమవుతాది. ఎక్కక మానదు.
రెండొందల యాబయ్యయితే దరమం.
మిగతాది ఆ ఏసీకి కట్టినావు నువ్వు."

అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.
ఉండ కట్టడం లేదు, అది నిజం.
మోకాళ్ళు మాత్రం ఎప్పటిలాగే లాగుతాయి,
అంత పైదాకా ఏ మెత్తదనమూ రాదు.
ఏడో నెలలో బొటనవేలి దగ్గర చిల్లు.
ఏడాది ఆగుతుందన్న కుర్రాడు ఇప్పుడా షాపులో లేడు.
లెక్క మళ్ళీ వెయ్యాలి.
వెయ్యలేదు.
ఇంకో రెండు జతలు తెచ్చాను, ఒకటి చిన్న సైజు.

నిన్న రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే
బస్సు నాతవలస దాటింది. అందరూ నిద్ర.
అసిరినాయుడు వంగి, చెప్పులోంచి కాలు తీసి
అరికాలు రాసుకుంటూ
కిటికీ వైపు తిరిగి, నాతో కాదన్నట్టు అన్నాడు:

"ఆ సాపోడు
ఆదోరం తీత్తాడేటి?"